రూతమ్మ బిందె

పులియాంతోపు హౌసింగ్ బోర్డు, మూడో అంతస్తు.
తెల్లవారుజామున మూడింటికి
రెండు బిందెలతో మెట్లు దిగుతాను.
పచ్చది నాది.
మూతి చిట్లి, కాల్చిన గరిటెతో అతుకేసిన నీలం బిందె
రూతమ్మది.

నెల కిందట ఇదే వీధిలో
నడుముదాకా నీళ్ళు.
పడవలో వచ్చి పాలపొడి పంచిపోయారు.
ఇప్పుడు కుళాయి తిప్పితే మురుగు కంపు,
గొంతులోకి చుక్క దిగాలంటే
మెట్రో వాటర్ లారీ రావాలి.
ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకీ తెలీదు.

ఇక్కడ వరుసలో మనుషులు నిలబడరు,
బిందెలు నిలబడతాయి.
మనిషి పోయి కునుకు తీసినా
బిందె ఆమె పేరు మోస్తూ
చీకట్లో నోరు తెరుచుకుని కూర్చుంటుంది.

"ఆస్పత్రిలో పడున్న మనిషికి బిందెందుకే?"
అంటుంది సెల్వి.
నలభై రోజులైంది రూతమ్మ స్టాన్లీలో చేరి.
డాక్టర్లు ఈమధ్య మాతో మాట్లాడేటప్పుడు
కాగితం వైపు చూస్తున్నారు.
నేను జవాబు చెప్పను.
నీలం బిందెను జరిపి
నా బిందెకు ఆనించి పెడతాను.

మొన్న సండే స్కూల్లో
అయ్యగారు పిల్లల్ని అడిగారు, నిరీక్షణ అంటే ఏమిటని.
బైబిలు మాట. ఇంట్లో ఎవరమూ అనని మాట.
ఆశ, అన్నాడొకడు.
మా నాన్నకు పేకాట మీదుండేదీ అదేగా, అన్నాడు పక్కవాడు.
నంబిక్కై, అంది తమిళ బళ్ళో చదివే మా కెజియ,
నాలిక్కరుచుకుని, నమ్మకం, అని దిద్దుకుంది.
వెనకనుంచి ఓబద్యా కొడుకు, ఆరేళ్ళవాడు,
"కాచుకోవడం అయ్యగారూ, లారీ కోసం" అన్నాడు.
అందరూ నవ్వారు.
అయ్యగారు నవ్వలేదు.
కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ
చాలాసేపు అలాగే ఉండిపోయారు.

ఆ రోజంతా చెత్తబండి తోస్తూ
ఆ ముక్కే నమిలాను.
నిండిన బిందెను ఎవరూ వరుసలో పెట్టరు.
రాదనుకున్న లారీకి
ఖాళీదీ పెట్టరు.

నిన్న రాత్రి నాకు పాండీ బజార్లో డ్యూటీ.
కొనుక్కున్నవాళ్ళు వెళ్ళిపోయాక మిగిలినవి
అట్టపెట్టెలు, థర్మకోల్ మంచు,
ఎవరో పిల్లది పారేసుకున్న ఎర్ర చెప్పు.
ఒక బట్టలకొట్టు అద్దంలో పశువుల పాక,
మరియమ్మ, యోసేపు, కొమ్ము విరిగిన ఎద్దు.
తొట్టి మాత్రం ఖాళీ.
పన్నెండు కొట్టాకే బాబును పెట్టాలట,
వాచ్‌మన్ తాత చెప్పాడు.

గొర్రెల కాపరులదీ నైట్ డ్యూటీయే కదా.
ఊరు గొళ్ళేలు పెట్టుకుని పడుకుంటే
పొలంలో చలికి ముడుచుకున్నవాళ్ళే ముందు విన్నారు.
రాజుగారికి కబురు తర్వాతెప్పుడో.

నాకు ఏ దూతా వినబడలేదు.
చీపురు చప్పుడు, దూరంగా ఒక ఆటో.
పన్నెండింటికి మాత్రం ఆగి చూశాను.
తాత అద్దం తెరిచి
చొక్కా జేబులోంచి, బీడీకట్ట పక్కనుంచి,
బొటనవేలంత బాబును తీశాడు.
తొట్టిలో బోర్లా పెట్టాడు.
చూసుకుని, వెల్లకిలా తిప్పాడు.
ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర.
కెజియ అప్పటికే వరుసలో బిందెలు పెట్టేసింది.
రెండూ.
నేను చెప్పలేదు.

లారీ ఆరింటికి వచ్చింది.
గొట్టం ఇవాళ సెల్వి చేతిలో ఉంది.
నా బిందె నిండాక, నా వైపు చూడకుండానే,
గొట్టాన్ని నీలం బిందెలోకి తిప్పింది.

తాళం వేసిన తలుపు ముందు దాన్ని దించాను.
పైన రూతమ్మ పోయినేడు కట్టిన కాగితం నక్షత్రం,
వానకు రంగు దిగిపోయి, బల్బు లేకుండా.
స్టాన్లీనుంచి కబురేమీ లేదు,
మంచిదీ లేదు, చెడ్డదీ లేదు.

సాయంత్రం ఆ నీళ్ళు నేనే వాడుకుంటాను,
అబద్ధమెందుకు.
బిందె కడిగి బోర్లిస్తాను.
రేపు మూడింటికి మళ్ళీ మెట్లు దిగాలి
రెండిటితో.